రోటర్‌డామ్ గట్టు మీద గోదారి మనిషి

నరసాపురంలో వశిష్ఠ గోదావరి ఒడ్డున వలంధర రేవు ఉంది. పుష్కరాలప్పుడు అక్కడ మునిగేవాళ్ళు వేలల్లో ఉంటారు గానీ, ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. వలందులు అంటే హాలెండు వాళ్ళు, అంటే డచ్చివాళ్ళు. 17వ శతాబ్దంలో పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం వైపుల్లో వర్తక స్థావరాలు పెట్టుకుని, మన నేతగాళ్ళు నేసిన బట్టలు ఓడలకెక్కించారు. వాళ్ళ పేరే ఆ రేవుకి మిగిలిపోయిందని మా వైపు పెద్దలు చెబుతారు. 1824లో ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం కుదిరాక తట్టా బుట్టా సర్దుకుని వెళ్ళిపోయారు.

వాళ్ళు మన రేవుకి వచ్చిన మూడు నాలుగు వందల ఏళ్ళకి నేను వాళ్ళ రేవు చూడ్డానికి వెళ్ళాను. మనవాళ్ళు హాలెండు వెళ్తే ఆమ్‌స్టర్‌డామ్ కాలవల్లో పడవెక్కి, తులిప్ తోటలో ఫొటోలు దిగి వచ్చేస్తారు. రోటర్‌డామ్‌లో దిగేవాళ్ళు తక్కువ. మా మేనల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి నేను దిగాను. రెండు రోజులుందామనుకున్నవాణ్ణి పది రోజులున్నాను. డెల్టాలో పుట్టినవాడికి ఆ ఊళ్ళో చూడాల్సింది చాలా ఉంది.

ఎందుకంటే అదీ డెల్టాయే. మన గోదారి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని పాయలుగా విడిపోయినట్టే, రైను నదీ, మాస్ నదీ సముద్రం దగ్గరికొచ్చేసరికి పాయలు పాయలుగా చీలిపోతాయి. అందులో నియువె మాస్ అనే పాయ ఒడ్డున ఉంది రోటర్‌డామ్. రోటె అనే చిన్న ఏటికి 1270 ప్రాంతంలో ఆనకట్ట కట్టారు. ఆ కట్ట పేరే ఊరి పేరైంది. అంటే ధవళేశ్వరం ఆనకట్ట చుట్టూ ఓ మహానగరం పెరిగిందనుకోండి, అలాగన్నమాట.

గుండె లేని మనిషి

యూరప్ అనగానే పాత చర్చిలు, రాతి వీధులు, ఎర్ర పెంకుల ఇళ్ళు అనుకుంటాం. రోటర్‌డామ్ నడిబొడ్డున అవేవీ ఉండవు. అద్దాల మేడలు, వింత వింత ఆకారాల కట్టడాలు. కారణం 1940 మే 14. ఆ మధ్యాహ్నం జర్మనీ విమానాలు పావుగంటసేపు బాంబులు కురిపించాయి. ఊరి మధ్య భాగమంతా బూడిదైంది. 80 వేల మందికి నిలువ నీడ లేకుండా పోయింది. సెయింట్ లారెన్స్ చర్చి మాత్రం మొండి గోడలతో నిలబడింది. దాన్ని తర్వాత బాగు చేసుకున్నారు.

రేవు పక్కన శిల్పి జాడ్కిన్ చేసిన కంచు విగ్రహం ఉంది. 1953లో పెట్టారు. చేతులు ఆకాశంలోకి ఎత్తి అరుస్తున్న మనిషి. ఛాతీ దగ్గర పెద్ద కన్నం. ఊరి గుండె పోయిందని చెప్పడం. దాని ముందు కాసేపు నిలబడితే చుట్టూ ఉన్న అద్దాల మేడలు వేరేగా కనిపిస్తాయి.

పోయినదాన్ని పోయినట్టే మళ్ళీ కట్టాలని వీళ్ళు పట్టుబట్టలేదు. కొత్తగా కట్టుకున్నారు. పియెట్ బ్లోమ్ అనే ఆర్కిటెక్టు కట్టిన ఘనాకారపు ఇళ్ళు చూశాం. పాచికని మూల మీద నిలబెట్టినట్టుంటాయి. లోపల గోడలన్నీ ఏటవాలే. బీరువా ఎక్కడ ఆనించాలో మాత్రం నాకు అర్థం కాలేదు. దగ్గర్లోనే 2014లో తెరిచిన మార్కెట్ హాలు. గుర్రపు నాడా ఆకారంలో కట్టి, ఆ వంపులోనే అపార్టుమెంట్లు పెట్టారు. కింద చేపలు, జున్ను, కూరగాయలు. లోపలి కప్పంతా పళ్ళు, పువ్వుల బొమ్మలే.

వాళ్ళు పచ్చి హెర్రింగ్ చేపని ఉప్పులో ఊరేసి, ఉల్లిపాయ ముక్కలద్ది, తోక పట్టుకుని తినేస్తారు. నాకైతే గొంతు దిగలేదు. మన పులసకి మసాలా కూరి, చింతపండు పులుసులో మరిగించి, మర్నాడు తినడం తెలిసినవాడికి అది దిగడం కష్టమే.

హంస వంతెనా, హేవలాక్ వంతెనా

రాజమండ్రిలో రైలు గోదావరి దాటుతుంటే కిటికీలోంచి చిల్లర వెయ్యని తెలుగువాడు ఉండడు. 1900లో మొదలైన హేవలాక్ వంతెన, 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన, ఆ తర్వాత 1997లో ఆర్చీల వంతెన. నది అక్కడ మూడు కిలోమీటర్లకి దగ్గర్లో ఉంటుంది. రోటర్‌డామ్‌వాళ్ళు ఎంతో గొప్పగా చెప్పుకునే ఎరాస్మస్ వంతెన మొత్తం పొడవు 802 మీటర్లు. మా మేనల్లుడు చూపించగానే, "ఇంతేనా రా?" అన్నాను.

"ఆగు మావయ్యా, ఓడొస్తోంది చూడు," అన్నాడు వాడు.

గంట మోగింది. ట్రాములు, సైకిళ్ళు, కార్లు ఆగిపోయాయి. వంతెన దక్షిణం వైపు ముక్క ఒకటి మెల్లగా పైకి లేచింది. కింద నుంచి ఎత్తయిన ఓడ వెళ్ళిపోయింది. మళ్ళీ దించారు, మళ్ళీ జనం కదిలారు. 1996లో కట్టిన ఈ వంతెనకి 139 మీటర్ల వంపు స్తంభం ఉంది. దాన్ని చూసే ఊరివాళ్ళు 'హంస' అని పిలుచుకుంటారు. ఎంత అందంగా ఉన్నా ఓడ వస్తే మాత్రం హంస రెక్క ఎత్తాల్సిందే. ఈ ఊళ్ళో నదిది మొదటి వరస, రోడ్డుది రెండో వరస.

నది కింద నుంచీ దారుంది. 1942లో పూర్తయిన మాస్ సొరంగంలో సైకిళ్ళవాళ్ళకీ, నడిచేవాళ్ళకీ వేరే గొట్టాలున్నాయి. పాతకాలపు చెక్క మెట్ల ఎస్కలేటర్ మీద సైకిలు పట్టుకుని దిగిపోతారు. నది మీద వాటర్‌బస్సు తిరుగుతుంది. సఖినేటిపల్లి పంటు మీద మోటారు సైకిలెక్కించి నరసాపురం దాటినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. తేడా అల్లా టైములోనే. అది బోర్డు మీద రాసిన నిమిషానికి బయల్దేరుతుంది.

ఆ వాటర్‌బస్సు మీదే ఓ రోజు కిందర్‌డైక్ వెళ్ళాం. అక్కడ వరసగా 19 గాలిమరలు. ఎక్కువ భాగం 1740 ప్రాంతంలో కట్టినవి. యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. ఫొటోల్లో చూసి పిండి మరలనుకుంటాం. ఇవి పిండి మరలు కావు, నీటి మోటార్లు. పల్లపు పొలాల్లో నిలిచిన నీటిని గాలి బలంతో తోడి పైనున్న కాలవలోకి పోసేవి. మన దగ్గర ఆయకట్టు రైతు చివరి భూమికి నీళ్ళెలా ఎక్కించాలా అని ఆలోచిస్తాడు. ఇక్కడి రైతు వందల ఏళ్ళుగా నీళ్ళెలా బయటికి పంపాలా అని ఆలోచిస్తున్నాడు.

నీటి కన్నా కింద కాపురం

మా మేనల్లుడి ఇల్లు ప్రిన్స్ అలెగ్జాండర్ అనే పేటలో ఉంది. ఒకప్పుడు అక్కడ చెరువులుండేవట. 19వ శతాబ్దంలో నీళ్ళు తోడేసి భూమి చేశారు. ఆ నేల సముద్ర మట్టానికి సుమారు 6 మీటర్లు కిందుంది. ఆ దేశంలో అన్నిటికన్నా పల్లం కూడా ఆ చుట్టుపక్కలే, 6.76 మీటర్ల లోతున. అంటే నేను పడుకున్న గదికి సముద్రం రెండంతస్తుల పైన ఉందన్నమాట. మొదటి రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే గట్టెక్కాను. గట్టు అంటే అచ్చం మన ఏటిగట్టే. పైన రోడ్డు, ఇటు వాలున గడ్డి, మేస్తున్న గొర్రెలు. ఒక పక్క ఎత్తున నీళ్ళు, రెండో పక్క పల్లంలో ఇళ్ళ కప్పులు. వరద రోజుల్లో మా వశిష్ఠ గట్టు మీద నిలబడితే ఇలాగే ఉంటుంది. ఏడు ఎత్తున, ఊరు పల్లాన. మాకు అది ఆగస్టులో కొన్నాళ్ళు కనిపించే దృశ్యం. వీళ్ళకి రోజూ అదే.

మేనల్లుడి కూతురికి తొమ్మిదేళ్ళు. ఈత సర్టిఫికెట్ పరీక్ష పాసైందని చూపించింది. ఈత దుస్తుల్లో ఈదితే చాలదు, బట్టలూ బూట్లూ వేసుకుని కూడా ఈదాలి. కాలవలో జారిపడ్డప్పుడు ఈత దుస్తుల్లో ఉండం కదా అని వాళ్ళ లెక్క. ఆ పిల్లే నన్నో మాటడిగింది.

"తాతయ్యా, మీ ఇల్లు సముద్రం కన్నా ఎంత ఎత్తులో ఉంది?"

నా దగ్గర జవాబు లేదు. బళ్ళో వాళ్ళ ఇంటి మట్టం ఎంతో వాళ్ళ చేత కనుక్కోమన్నారట. తమ ఇల్లు మైనస్ ఎంతో ఆ పిల్ల టక్కున చెప్పేసింది.

గండిలో పడవ

ఇంత జాగ్రత్త వాళ్ళకి పుట్టుకతో రాలేదు. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రంలో తుపాను లేచింది. అదే సమయానికి పెద్ద పోటు. నైరుతి హాలెండులో గట్లు తెగాయి. 1,836 మంది చనిపోయారు. రోటర్‌డామ్‌కి దగ్గర్లో హాలండ్‌సె ఐసెల్ నది గట్టుకి కూడా గండి పడింది. ఆ గట్టు వెనకే లక్షల మంది నిద్రపోతున్నారు. అప్పుడు ఒక పడవ యజమాని తన సరుకు పడవని నేరుగా తీసుకెళ్ళి ఆ గండికి అడ్డంగా నిలిపాడు. పడవ తలుపులా గండి మూసుకుంది. గట్టు నిలిచింది. ఆ చోట ఇప్పుడో చిన్న స్మారకం ఉంది. పెద్ద పెద్ద మ్యూజియంలకన్నా అది చూసినప్పుడే నాకు కళ్ళు చెమర్చాయి. 86 వరదలో ఇసుక బస్తాలు భుజానేసుకుని గట్టెక్కిన మా ఊరివాళ్ళు గుర్తొచ్చారు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద. లంకలు మునిగాయి, గట్లకి గండ్లు పడ్డాయి. పదేళ్ళకి, 1996 నవంబరు 6 రాత్రి, కోనసీమ మీద తుపాను విరుచుకుపడింది. వెయ్యి మంది దాకా పోయారు. కొబ్బరి చెట్లు లక్షల్లో విరిగిపడ్డాయి. 2022 జులైలో మళ్ళీ వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మన చావులు, మన నష్టాలు వాళ్ళకన్నా తక్కువేం కాదు.

తేడా మర్నాటి నుంచి మొదలవుతుంది. 1953లో నెల తిరక్కుండానే అక్కడ నిపుణుల సంఘం వేశారు. పదివేల ఏళ్ళకోసారి వచ్చే తుపానుకి కూడా తట్టుకునేలా ఉండాలని జనం ఎక్కువున్న ప్రాంతానికి లెక్క కట్టారు. నలభై ఏళ్ళకి పైగా, ప్రభుత్వాలెన్ని మారినా పని ఆపలేదు. అందులో చివరి పెద్ద పని రోటర్‌డామ్ దిగువన, సముద్రం దగ్గర, మాస్‌లాంట్ గేటు. 1997లో పూర్తయింది. నదికి అటొకటి, ఇటొకటి రెండు తలుపులు. ఒక్కొక్కటి 210 మీటర్ల పొడవు, 22 మీటర్ల ఎత్తు. నీటి మట్టం 3 మీటర్లు దాటుతుందని అంచనా వస్తే కంప్యూటరే మూయమని ఆదేశమిస్తుంది. తలుపులు తేలుకుంటూ వచ్చి, నీళ్ళు నింపుకుని అడుగుకి దిగుతాయి. 2007లో తుపానుకి మొదటిసారి మూశారు. 2023 డిసెంబరులో నీటి మట్టం చూసి అదే మూసుకుంది.

పక్కనున్న సందర్శకుల కేంద్రంలో చెప్పిన సంగతి ఇంకా నచ్చింది. ఏటా సెప్టెంబరులో తుపాను ఉన్నా లేకపోయినా ఓసారి మూసి చూస్తారు. ఆ రోజు జనం పిల్లల్ని తీసుకుని తిరనాళ్ళకొచ్చినట్టు వస్తారట. మనమూ గేట్లు ఎత్తినప్పుడు ధవళేశ్వరం వెళ్తాం, సెల్ఫీలు దిగుతాం. వాళ్ళు వరద రాక ముందు వెళ్ళి చూస్తారు, మనం వచ్చాక వెళ్తాం.

నీటికో ఓటు

ఓ సాయంత్రం మేనల్లుడు ఒక బిల్లు చూపించాడు. ఇంటి పన్ను కాదు, మురుగునీటి బిల్లొక్కటే కూడా కాదు. నీటి బోర్డు పన్ను. గట్లు, పంపులు, కాలవలు చూసుకునే బోర్డుకి ప్రతి ఇల్లూ కట్టాల్సిందే. వాళ్ళ పేట ఉన్న స్కీలాండ్ బోర్డు మూలాలు 1273 నాటివి. అంటే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న కాలం. ఈ బోర్డులకి నాలుగేళ్ళకోసారి ఎన్నికలు. డచ్చి పౌరసత్వం లేకపోయినా, చట్టబద్ధంగా అక్కడ ఉంటున్నవాళ్ళకి ఓటుంది.

"మావయ్యా, ఈ దేశంలో నేను మొట్టమొదట వేసిన ఓటు నీళ్ళకే," అన్నాడు వాడు నవ్వుతూ.

మనకీ ఉంది కదా అనిపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే రైతులే కాలవలు చూసుకోవాలని చట్టం చేశారు. నీటి సంఘాలు, డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ప్రాజెక్టు కమిటీలు పెట్టారు. ఈ చట్టం గురించి ఇతర దేశాల్లో కూడా చెప్పుకున్నారు. మాస్‌లాంట్ గేటు పూర్తయిన ఏడాదే అది. 2024 డిసెంబరులో ఆ సంఘాలకి మళ్ళీ ఎన్నికలు జరిగాయి. కానీ మన సంఘంలో ఆయకట్టు రైతుకే ఓటు. గట్టు కింద ఇల్లున్న కూలీకి, కొబ్బరి దింపేవాడికి, చేపల చెరువు కాపలావాడికి లేదు. వరద మాత్రం పాసుపుస్తకం అడిగి రాదు.

నదికి కాస్త చోటు

వాళ్ళు గట్లు ఎత్తుగా కట్టుకుంటూ పోవడంతోనే ఆగలేదు. 1993లో, 1995లో నదులు పొంగాయి. 1995లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. గట్టు పెంచితే నీరూ పెరుగుతుంది, ఎంతకని పెంచుతాం అని ఆలోచించారు. 'నదికి చోటు' అని ఓ పథకం పెట్టారు. 30కి పైగా చోట్ల గట్టు వెనక్కి జరపడం, వరద పారే నేల పల్లం చేయడం, పక్క కాలవ తవ్వడం లాంటివి చేశారు. కొందరు రైతులు ఇళ్ళు, పొలాలు వదులుకున్నారు. అది తేలిగ్గా జరిగిన పనేం కాదు.

ఊళ్ళో బెంటెమ్‌ప్లైన్ అనే చోట నీటి చదును ఒకటి ఉంది. ఎండగా ఉంటే పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడే మైదానం. కుంభవృష్టి కురిస్తే అదే చెరువు. వీధుల్లో నీళ్ళన్నీ అక్కడ చేరి మెల్లగా ఇంకిపోతాయి. మన ఊళ్ళల్లో ఊరచెరువు చేసే పని అదే. ఊరచెరువులు పూడ్చి షాపింగ్ కాంప్లెక్సులు కట్టుకున్న ఊళ్ళు మా జిల్లాలో ఎన్ని ఉన్నాయో ఎవరి ఊరివాళ్ళు వాళ్ళు లెక్కేసుకోవచ్చు.

చేపల సంగతీ చెప్పాలి. 1970లో హారింగ్‌వ్లీట్ అనే పాయకి సముద్రం దగ్గర గేట్లు బిగించారు. సాల్మన్ లాంటి వలస చేపలకి దారి మూసుకుపోయింది. 2018 నుంచి ఆ గేట్లు కొద్దిగా తెరిచి ఉంచుతున్నారు, చేపలు వచ్చి పోవడానికి. ఆ మాట వినగానే ధవళేశ్వరం కట్ట దగ్గరిదాకా వచ్చి ఆగిపోయే పులస గుర్తుకు రాని గోదారి మనిషి ఉంటాడా?

వెళ్ళిపోయినవాళ్ళ రేవు

నది దక్షిణపు ఒడ్డున, విల్హెల్మినా రేవులో 'హోటల్ న్యూయార్క్' అని పాత భవనం ఉంది. ఒకప్పుడు అది ఓడల కంపెనీ ఆఫీసు. యూరప్ నలుమూలల పేదవాళ్ళు ఇక్కడే ఓడెక్కి అమెరికా పోయారు. ఎదురుగా, పాత గోదాములో, 2025 మేలో వలసల మ్యూజియం తెరిచారు. పేరు ఫెనిక్స్. లోపల రెండు వేల పాత సూట్‌కేసులు పేర్చి దారి చేశారు. ఒక్కో పెట్టెదీ ఒక్కో కథ.

అవి చూస్తుంటే నాకు కోరంగి గుర్తొచ్చింది. యానాం పక్కన, ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను తర్వాత మళ్ళీ లేవని రేవు. ఆ తీరం నుంచి రంగూన్ వెళ్ళిన మనవాళ్ళని బర్మాలో 'కోరంగీలు' అనే పిలిచారు. ఊరు పోయినా పేరు సముద్రం దాటింది. అలా పోయినవాళ్ళ పెట్టెలు మాత్రం మన దగ్గర ఎక్కడా పేర్చి లేవు. ఈ రోజు మడ అడవి చూడ్డానికి కోరంగి వెళ్ళే పర్యాటకుల్లో ఎందరికి ఈ కథ తెలుసు?

వెళ్ళాలనుకునేవాళ్ళకి

షెంగెన్ వీసా కావాలి. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం నుంచి వేగం రైలెక్కితే అరగంటలో రోటర్‌డామ్. గొడుగు తప్పనిసరి, కాకపోతే గాలికి నిలవదు కాబట్టి రెయిన్‌కోటు మేలు. భోజనానికి బెంగ అక్కర్లేదు. సురినామ్ నుంచి వచ్చి స్థిరపడిన భారత సంతతివాళ్ళ రొట్టె దుకాణాలున్నాయి. 1873 నుంచి డచ్చివాళ్ళు కూలీలుగా తీసుకెళ్ళినవాళ్ళ మునిమనవలు వాళ్ళు. బంగాళాదుంప, చిక్కుడు, కోడి కూరతో రొట్టె పెడతారు. కారం అడిగి వేయించుకోండి.

వాళ్ళ దగ్గర డబ్బుంది, మనకి లేదు అని తేల్చేయడం సులువే. కానీ కాటన్ 1847లో పని మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేసిననాడు ఈ డెల్టా కరువు, వరదలతో చితికిపోయి ఉంది. డెల్టా కట్టుకోవడం మనకి చేతకాని విద్య కాదు. కట్టాక రోజూ కనిపెట్టుకుని ఉండడమే మనం మర్చిపోయింది. పై డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతోంది. ఉప్పాడ దగ్గర సముద్రం ఊళ్ళోకి వస్తోంది. 2027లో మళ్ళీ పుష్కరాలు. స్నానఘట్టాలకి రంగులు పడతాయి. గట్ల సంగతి కూడా ఆ జాబితాలో ఉంటే బావుంటుంది.

ఊరొచ్చాక మనవరాలి ప్రశ్న నలుగురినీ అడిగాను. మన ఇల్లు సముద్రానికి ఎంత ఎత్తులో ఉంది? మీటర్లలో ఎవరూ చెప్పలేదు. మా పెద్దన్నయ్య మాత్రం లేచి, వీధి గోడ దగ్గరికి తీసుకెళ్ళి, నడుం ఎత్తున వెలిసిపోయిన గీత మీద చెయ్యి పెట్టాడు.

"ఎత్తు సంగతి తెలీదు గానీ, 86లో గోదారి ఇక్కడిదాకా వచ్చిందిరా," అన్నాడు.

ఆ గీత ఫొటో తీసి పిల్లకి పంపాను. పోయినేడు ఇంటికి సున్నం వేయించినా ఆ గీత మీద వెయ్యనివ్వలేదట అన్నయ్య.